గడియారం నూనె తాగిన తేనెటీగలు

నాలుగు గంటల వేళ వడ్రంగి కొట్టు గోడకి ఆనించి ఉన్న నిచ్చెన మీద తేనెటీగల గుంపొకటి దిగింది. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. వీధి మీద కాసేపు హోరుమని తిరిగి, నాలుగో మెట్టు పట్టుకుని, ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుంటూ మూరెడు పొడుగున వేలాడింది. ఆరేసిన గోనెసంచిలా ఉంది చూడ్డానికి. కాకపోతే గోనెసంచి ఊపిరి పీల్చదు.

పక్కనే దర్జీ కొట్టు. కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. దర్జీ వెంటనే ఫోన్ తీసి మందు కొట్టేవాణ్ణి పిలిచాడు. వాడు ఆరున్నరకి పంపు తీసుకుని వస్తానన్నాడు. చంపడానికి అర నిమిషం ఫోన్ చాలు ఈ లోకంలో. బతికించాలంటేనే నలుగురూ కూర్చోవాలి, ఆలోచించాలి, తీర్మానం చేయాలి.

నలుగురూ ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నారు. నిచ్చెన వడ్రంగిది కాబట్టి మాట వడ్రంగిదే అని టీ కొట్టు ఆమె తేల్చింది. వడ్రంగి వీధిలో అందరికంటే పెద్దవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. బల్ల చివర కూర్చుని, ఒక చెక్కముక్కని గరుకు కాగితంతో రుద్దుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆరింటిదాకా ఎవరూ ముట్టుకోకండి. అప్పుడు చెబుతా."

వాచీల బాబాయి ఆ మాటతో బల్ల మీద ముందుకు జరిగాడు. వీధి మలుపులో వాచీలు బాగుచేసే చిన్న గది అతనిది. హోరు వినగానే విప్పిన వాచీ మీద గాజుబుడ్డి బోర్లించి, తలుపు వేసి పరిగెత్తుకొచ్చాడు. కంటికి బిగించుకునే భూతద్దం తీసి పెట్టడం కూడా మరిచిపోయాడు. దారానికి కట్టి ఉండబట్టి గుండెల మీద వేలాడుతోంది.

అతనికి ఆ ఈగలు కావాలి. ఏడాదిన్నర కిందట ఇదే వడ్రంగి చేత పెట్టె చేయించుకుని, డాబా మీద నాలుగు ఇటుకలు పేర్చి, దాని మీద ఒక గుంపుని పెంచాడు. పోయిన చలికాలం చివర పెట్టెని మోసుకొచ్చి వడ్రంగికి తిరిగి ఇచ్చేశాడు. "ఇంకా మంచి చోటు చూసుకుని వెళ్లిపోయాయన్నా" అని చెప్పాడు. ఇప్పటికీ పొద్దున్నే గ్లాసు పట్టుకుని డాబా ఎక్కుతాడు. నాలుగు ఇటుకల దగ్గర నిలబడతాడు. చల్లారిన టీ తాగి దిగొస్తాడు.

'అన్నా, ఆ పెట్టె నాకివ్వు, ఈ ఈగల్ని నేను పెంచుకుంటా' అని ఉన్నమాట అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ నేరుగా అడగడం అతని నోటికి అలవాటు లేని పని.

"వదినా, వీటికా మీరింత బెదిరిపోతున్నారు?" అన్నాడు టీ కొట్టు ఆమెతో. "నేను ఏడాదిపాటు పెంచినవాణ్ణి. ఒట్టి చేతుల్తో తేనె తీశా. ఒక్కటంటే ఒక్కటి కుట్టలేదు."

"కుట్టలేదా? మరి ఎడమకన్ను మూసుకుపోయి నాలుగు రోజులు తిరిగావు?" అన్నాడు దర్జీ.

"అది భూతద్దం ఒరుసుకుని వచ్చిన వాపురా."

"పెదవి కూడా వాచింది. పెదవికి కూడా పెట్టుకుంటావా భూతద్దం?"

టీ కొట్టు ఆమె గిన్నెలో గరిట ఆపి నవ్వింది. వడ్రంగి నవ్వలేదు. గరుకు కాగితం చెక్క మీద ఒకే తీరుగా నడుస్తోంది. ఆయన నవ్వకపోవడమే వాచీల బాబాయిని రెచ్చగొట్టింది. ఇంత చిన్న కథకి కరిగే మనిషి కాదు, పెద్దదే కావాలి అనుకున్నాడు.

"నవ్వండి. మీకు అసలు సంగతి తెలీదు కాబట్టి నవ్వుతున్నారు. పూలు విచ్చే రోజులు అవి. ఈగలు తాగుతాయని కిటికీలో సాసరుతో నీళ్లు పెట్టేవాణ్ణి. ఒకరోజు వాచీలో వేసే నూనె అందులో ఒలికింది. అది మామూలు నూనె కాదు, సూదిమొన మీద నిలిచేటంత వేస్తే ముల్లు మూడేళ్లు తిరుగుతుంది. అలాంటిది సీసాడు ఒలికింది! నేను చూసుకోలేదు. ఈగలు తాగేశాయి. మర్నాడు పొద్దున డాబా ఎక్కి చూద్దును కదా, ఒక్కొక్కటీ నా బొటనవేలంత! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గడియారం నూనె తాగిన ఒళ్లు కదా, టైము తప్పడం మానేశాయి. ఆరూ పదికి బయల్దేరేవి, పన్నెండుకి తిరిగొచ్చేవి. ఈ వీధి వీధంతా వాటిని చూసి వాచీలు సరిచేసుకునేవాళ్లు. ఆ నెల నాకు ఒక్క బేరం లేదు, కావాలంటే అడగండి."

"నీకు బేరం లేని మాట మాత్రం నిజం" అన్నాడు దర్జీ.

"వేసవికి పిచ్చుకలంత అయ్యాయి. పెట్టె చాల్లేదు. బట్టల బీరువా ఖాళీ చేసి డాబా ఎక్కించా. నెల తిరిగేసరికి పావురాలంత! అప్పుడే కదా కరెంటు పోయింది, మూడు రోజులు రాలేదు, గుర్తుందా? తేనెటీగలు గూడు చల్లబడటానికి గుమ్మంలో నిలబడి రెక్కలు ఆడిస్తాయి, అది వాటి పని. నాలుగింటిని పిలిచి కిటికీలో వరసగా నిలబెట్టి, 'అమ్మల్లారా, ఇటు తిరగండి' అన్నా. అంతే! వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా చల్లగాలి. వదిన పొయ్యి రెండుసార్లు ఆరిపోయింది."

"నా పొయ్యి గ్యాసు అయిపోయి ఆరింది" అంది ఆమె.

"ఆ మూడు రోజులూ నేను ఇక్కడే కుట్టుకుంటున్నా బాబాయ్. చెమటకి సూది జారిపోయేది. నాకెందుకు రాలేదు గాలి?"

"నీ తలుపు మూసి ఉందిరా. తలుపు మూసుకున్నవాడికి గాలి ఎవరు తేగలరు?"

వాచీల బాబాయి వడ్రంగి వైపు ఓరగా చూశాడు. గరుకు కాగితం ఆగలేదు. నిచ్చెన మీద గుంపు ఒకసారి పొంగి మళ్లీ సర్దుకుంది. సూర్యుడు మేడల వెనక్కి దిగుతున్నాడు. ఐదు దాటింది.

"ఇక వానలు పట్టుకున్నాయి" అని అతను స్వరం పెంచాడు. "అప్పటికి మేకంత అయ్యాయి. నవ్వకు, మేకంటే మేకే, కాకపోతే మేక అరుస్తుంది, ఇవి ఝుమ్మంటాయి. వానలో తడిస్తే రెక్కలు అంటుకుపోతాయి కదా? అందుకని ఒక్కొక్కదానికీ వానకోటు కుట్టించా. ఆరు చేతులున్న కోటు! కొలతలు తీసుకున్నది నువ్వే కదురా దర్జీ? 'బాబాయ్, నడుము ఎక్కడుందో దొరకట్లేదు' అని అడిగావు."

"నేనా!"

"మరిచిపోయాడు పాపం. పని ఒత్తిడి అలాంటిది. కోట్లున్నా ఎడతెరిపి లేని వాన, బయటికి వెళ్లడానికి లేదు. ఇంట్లోనే ఉండేవి. మంచం మీద రెండు, వంటింట్లో నాలుగు, స్నానాలగది అయితే నాకు దొరికేదే కాదు. పనిచేసేవాళ్లని ఒకచోట ఊరికే కూర్చోబెడితే ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు. లెక్కలు వేసుకుంటారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకరోజు నిద్రలేచి చూస్తే ముందుగది నిండా నిలబడి ఉన్నారు, కోట్లు వేసుకుని. గోడ మీద మైనంతో ఇంతింత అక్షరాలు. 'శ్రమ మాది, తేనె మాది!' సమ్మె!"

"ఈగలు సమ్మె చేశాయా?" అంది టీ కొట్టు ఆమె. మరుగుతున్న టీ పొంగబోతుంటే గబుక్కున దింపింది.

"చేయరా మరి? రోజుకి వంద పూలు తిరిగి, పొట్టలో మోసుకొచ్చి, రెక్కలతో ఆరబెట్టి దాచేది వాళ్లు. మూత తీసి పట్టుకుపోయేది నేను. నేను కుర్చీ వేసుకుని, 'మీ రాణిని పిలవండి, ఆవిడతో మాట్లాడతా' అన్నా. అందులో ఒకటి ముందుకొచ్చింది, వదినా, ఏం చూపు అది! 'రాణి అని పేరు పెట్టింది మీరు. మాలో ఎవరికీ ఎవరూ దండం పెట్టరు. ఆవిడ గుడ్లు పెట్టే పని చేస్తుంది, మేం మా పని చేస్తాం. మాట్లాడితే అందరితోనూ మాట్లాడు' అంది. ఎనభైమంది, ఆరేసి కాళ్లు, చేతులు కట్టుకోవాలంటే మూడు వరసలు కట్టుకోవాలి. అలా కట్టుకుని నిలబడ్డారు. ఇంకెవరైనా అయితే దడుచుకుని చచ్చేవాడు. నేను గనక రాజీకి ఒప్పించా."

"ఏమని?"

ఈ మాట అడిగింది దర్జీ కాదు. వడ్రంగి. గరుకు కాగితం ఆగింది.

వాచీల బాబాయి సంతోషంగా ఆయన వైపు తిరిగాడు. ఆయన అడిగాడు! ఆలోచించకుండా నోటికి వచ్చింది చెప్పేశాడు.

"సగం సగం అన్నా. సగం తేనె నాది, సగం వాళ్లది. చలి మొదలైతే వాళ్ల వాటా జోలికి వెళ్లకూడదు. గోడ మీదే రాసుకున్నాం. కింద నా వేలిముద్ర, పక్కన వాళ్లవి."

చెప్పాక తనకే ఆశ్చర్యం వేసింది. ఈ ముక్క ఎక్కడినుంచి వచ్చింది? వానకోట్లు, బీరువా, అవన్నీ అప్పటికప్పుడు కల్పించుకున్నవే. ఇది మాత్రం ఎప్పటినుంచో లోపల ఉన్నట్టు, నాలుక చివరదాకా వచ్చి కాచుకుని ఉన్నట్టు దూకింది.

వడ్రంగి తల ఊపి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. కథ ఆపేస్తే సరిపోయేది అక్కడ. కానీ ఇంత దూరం వచ్చిన బండికి బ్రేకులు ఎక్కడివి?

"ఇక వానలు వెళ్లాక చూడాలి! కొండల మీద అన్నీ పూలే. బయటికి వచ్చారు మావాళ్లు, అప్పటికి ఒక్కొక్కరూ ఈ టీ కొట్టంత. వదినా, నీ కొట్టుకి రెక్కలొచ్చాయనుకో. పువ్వు మీద వాలితే చెట్టే విరిగిపోతోంది. అందుకని వాలడం మానేశారు. చెట్టుని వేళ్లతో సహా పెకిలించి, తలకిందులుగా పట్టుకుని, తేనె పిండుకుని, మళ్లీ అదే గుంటలో నాటి, మట్టి తొక్కి వచ్చేవాళ్లు. అంత మర్యాదస్తులు. తేనె ఎంత వచ్చిందంటే, గిన్నెలు అయిపోయాయి, బకెట్లు అయిపోయాయి, డాబా మీద నీళ్ల ట్యాంకులో పోశా. పొద్దున్నే కుళాయి తిప్పితే తేనె! మూడు రోజులు తేనెతోనే మొహం కడుక్కున్నా. చీమలు ఊళ్లోంచి కాదు, దేశదేశాలనుంచి వచ్చి నా ఇంటి ముందు వరస కట్టాయి. అగ్నిమాపకం వాళ్లని పిలిచి గొట్టాలు పెట్టి తోడిస్తే..."

"అబ్బ! గొట్టంలోంచి తేనె వస్తుందా? చిక్కగా ఉంటుంది కదా" అన్నాడు దర్జీ. ఎగతాళి చేయడం మరిచిపోయి అడిగాడు.

"వేడిచేస్తే వస్తుందిరా. నలభైమంది రెక్కలు ఆడించి వేడిచేశారు. అలా తీశా. చుక్క వదల్లేదు! నా పని సంగతి మీకు తెలుసు కదా. వాచీ విప్పితే పళ్ల చక్రాల సందుల్లో ధూళి కూడా మిగలనివ్వను. అలాగే విప్పా. ప్రతి చట్రం బయటికి తీసి, తేనె పిండి, మైనం గీకి, వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి మళ్లీ బిగించా. అద్దంలా మెరిసింది లోపల! అంత శుభ్రమైన పెట్టె ఈ ప్రపంచంలో ఏ ఈగకీ దొరికి ఉండదు. ఆ తర్వాత ఏమైందో..."

"తెలుసు" అన్నాడు వడ్రంగి.

చెక్కముక్క పక్కన పెట్టి లేచాడు. వీధి దాటి కొట్టులోకి వెళ్లాడు. నిచ్చెన పక్కనుంచి వెళ్తూ ఈగలకి దారి ఇస్తున్నట్టు కాస్త ఒదిగి నడిచాడు. తిరిగి వస్తూ మడిచిన గుడ్డ ఒకటి తెచ్చి, బల్ల మీద వాచీల బాబాయి ముందు విప్పాడు.

అరచేయంత మైనపు తెట్టె. చలికి ముందు గాభరాగా కట్టుకున్నట్టు అడ్డదిడ్డంగా ఉంది. ఆరుమూలల చిన్నచిన్న గదులు. ప్రతి గదిలోనూ ఒక ఈగ, తల లోపలికి దూర్చి, తోక బయటికి పెట్టి. కదలిక లేదు. ఎండిపోయి ఉన్నాయి.

"పెట్టె తెచ్చిచ్చావు చూడు, దాని మూల అంటుకుని ఉంది ఇది" అన్నాడు వడ్రంగి. "మేకు పీకుతుంటే కనబడింది. అడుగున ఇంకో దోసెడు రాలి ఉన్నాయి. ఎక్కడికీ వెళ్లలేదు తమ్ముడూ అవి. గది అడుగుదాకా నాకి, ఏమీ దొరక్క అలాగే ఉండిపోయాయి."

టీ కొట్టు ఆమె గరిట కింద పెట్టింది. పొయ్యి మీద మంట చప్పుడు వినిపిస్తోంది.

"ఒప్పందంలో సగం అన్నావు కదా" అన్నాడు వడ్రంగి. కోపంగా కాదు, కొలత సరిచూసుకునేవాడిలా. "ఆ సగం ఏదీ?"

వాచీల బాబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. చిన్న గొంతుతో చెప్పాడు.

"దాచుకోలేదన్నా. అమ్ముకోలేదు కూడా. పన్నెండు సీసాలు వచ్చింది. పంచేశాను. శుభ్రంగా ఉంటే బాగుంటాయనుకున్నా. వాచీ అలాగే కదా... విప్పి కడిగి బిగిస్తే నడుస్తుంది. ఇవి తినాలని..." ఆగిపోయాడు. "చలికాలం మధ్యలో మూత తీసి చూశా. అప్పటికి అయిపోయింది."

"రెండు సీసాలు నాకే ఇచ్చావు" అంది టీ కొట్టు ఆమె. "టీలో వేసి అందరికీ పోశా."

"నాకు దగ్గు పట్టుకుంటే ఒకటి ఇచ్చావు" అన్నాడు దర్జీ, నేల చూస్తూ.

"నేనూ తిన్నా" అన్నాడు వడ్రంగి. "రొట్టెకి రాసుకుని. చాలా బాగుంది. ఒక్కడి మీద వేస్తే తేలిపోయే తప్పు కాదులే ఇది. వాళ్ల చలికాలాన్ని వీధంతా కలిసి తిన్నాం."

వాచీల బాబాయి అలవాటుగా భూతద్దం తీసి కంటికి బిగించాడు. వేలు కూడా తగలనివ్వకుండా తెట్టె మీదికి వంగాడు. ఎవరిదైనా పాడైన వాచీ చేతికి వస్తే అలాగే వంగుతాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అద్దం తీసి, దారం మెడలోంచి విప్పి, దర్జీ చేతిలో పెట్టాడు.

"చూడు."

దర్జీ కన్ను చికిలించి వంగాడు. ముందు తలెత్తాడు. మళ్లీ వంగాడు. ఈసారి తలెత్తలేదు.

"బాబాయ్... దీనికి ఒళ్లంతా వెంట్రుకలున్నాయి. బంగారు రంగు."

"ఊ."

"కాలికి సంచీలా ఏదో ఉంది. పసుప్పచ్చగా."

"పుప్పొడి. చివరిసారి తెచ్చింది."

"రెక్క అంచు చిరిగిపోయింది. ఎంత తిరిగితే ఇలా చిరుగుతుందో..." గుడ్డ అంచులు నలగడం ఏమిటో తెలిసినవాడు అతను. అద్దం కంటినుంచి తీయకుండానే జేబు తడుముకుని ఫోన్ కోసం వెతికాడు. నొక్కి చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. "మందు కొట్టేవాడు బయల్దేరిపోయి ఉంటాడు" అన్నాడు, మొదటిసారి కంగారుపడుతూ.

ఆరైంది. వడ్రంగి కొట్టులోంచి పాత పెట్టెని బయటికి తెచ్చాడు. పాతదే, కానీ ఇప్పుడు దాని మీద ఇంకో అంతస్తు ఉంది. ఇందాకటినుంచి గరుకు కాగితంతో రుద్దుతున్న ఆ చెక్కముక్కని పై అంతస్తుకి గుమ్మంలా దూర్చాడు. సరిగ్గా కూర్చుంది. అంటే గుంపు దిగకముందే, ఎప్పుడో ఒకనాటికి పనికొస్తుందని ఆయన ఈ పెట్టె కడుతూనే ఉన్నాడన్నమాట.

"కింది అంతస్తు వాళ్లది. చట్రాలన్నీ స్క్రూలతో బిగించేశా. పైన మిగిలితే నీది, మిగలకపోతే లేదు. నీ స్క్రూడ్రైవర్ కిందికి దిగిందో, పెట్టె వెనక్కి వస్తుంది. ఒప్పుకుంటావా?"

వాచీల బాబాయి జీవితంలో మొదటిసారి ఒక్క తలూపుతో సరిపెట్టాడు.

పెట్టెని మూత తీసి నిచ్చెన కింద పెట్టారు. టీ కొట్టు ఆమె తన తెల్లదుప్పటి తెచ్చి పెట్టె ముందు పరిచింది. దర్జీ నిచ్చెన పట్టుకున్నాడు, కళ్లు గట్టిగా మూసుకునే. వాచీల బాబాయి ఒట్టి చేతుల్తో ఎక్కి, నాలుగో మెట్టుని ఒక్కసారి గట్టిగా కుదిపాడు. గుంపంతా తడిబట్టలా జారి పెట్టెలో పడింది. దుప్పటి మీద పడ్డవి కాసేపు దిక్కులు చూసి, ఒకదాని వెనక ఒకటి గుమ్మంలోకి నడిచాయి. అతని మణికట్టు మీద ఒకటి కుట్టింది. ముల్లు గోటితో గీకి పారేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆరున్నర దాటాక మందు కొట్టేవాడు వీపున పంపు, మూతికి గుడ్డతో వచ్చాడు. ఖాళీ నిచ్చెన చూసి మొహం వేలాడేశాడు.

"ఏవీ? నన్ను పరిగెత్తించి రప్పించారు."

"కూర్చో, టీ తాగి వెళ్లు" అంది టీ కొట్టు ఆమె. "మా వీధివాళ్లే అవి. పొరపాటున పిలిచాం."

వాడు పంపు దించి బల్ల మీద కూర్చున్నాడు. మూతలోంచి వస్తున్న ఝుంకారం విని పెట్టె వైపు అనుమానంగా చూశాడు. "ఎంతెంత ఉంటాయేంటి? కొన్ని మరీ పెద్దవి ఉంటాయంటారు."

ముగ్గురూ వాచీల బాబాయి వైపు తిరిగారు. వడ్రంగి కూడా. బాబాయి వాస్తున్న మణికట్టుని ఇంకో చేత్తో కప్పుకుని, చిటికెన వేలు గోరు చూపించాడు.

"ఇంతే."

"ఆయన మాట నమ్మకన్నా" అన్నాడు దర్జీ, గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ బారజాపుతూ. "తగ్గించి చెబుతున్నాడు. నేను ఈ కంటితో చూశా. అందులో ఒకదానికి వానకోటు కుట్టడానికి కొలతలు తీసుకున్నా కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"